పియానో ముప్పై ఏడో మెట్టు

ఫిబ్రవరి 2

ఒరేయ్ తమ్ముడూ,

నువ్వూ మరదలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నా మోకాళ్ళ సంగతి అడక్కు, మూడో అంతస్తు ఎక్కిన ప్రతిసారీ అవే చెబుతున్నాయి.

అసలు విషయం. రిటైరైన నర్సుల వసతి గృహంలో నాకు గది ఇచ్చారు. ఈ నెలాఖరుకి ఈ ఇల్లు ఖాళీ చేయాలి. గదిలో ఒక మంచం, ఒక బీరువా, ఒక కుర్చీ పడతాయి. అమ్మ పియానో పట్టదు. కింద అందరూ కూర్చునే హాలు ఉంది, దాన్ని అక్కడ పెట్టుకోనివ్వమని అడిగాను. కార్యదర్శి గారు కాదనలేదు, ఔననలేదు. ఒక కాగితం చేతిలో పెట్టారు. అందులో రెండు గళ్ళు: వస్తువు వయసు, వస్తువు విలువ. తెలిసినవాళ్ళ చేత నింపించి, సంతకం పెట్టించి, ఇరవై ఐదో తారీఖులోగా ఇవ్వాలట. ఒక్క గడి ఖాళీగా ఉన్నా హాల్లోకి రానివ్వరట.

రానివ్వకపోతే దాని గతి పాత సామాన్లవాడి బండే. నిన్న వచ్చి చూసి, చెక్క వేరుగా ఇనుము వేరుగా తూకం వేసుకుంటానన్నాడు. గుమ్మంలోంచే సాగనంపాను. అయినా ఆ మాట అప్పట్నుంచి చెవిలో తిరుగుతూనే ఉంది.

అమ్మ ఎప్పుడడిగినా "మీ అమ్మమ్మ కంటే పెద్దది" అనేదే తప్ప సంవత్సరం చెప్పలేదు. మూత మీద కంపెనీ పేరులో సగం అక్షరాలు రాలిపోయాయి. పక్కన పతకం బొమ్మ, దాని కింద ఒక సంవత్సరం ఉన్నాయి. లెక్కేస్తే నూట ముప్పై ఏళ్ళు. అదే రాసేయనా? నలభై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడివి, నీకంటే యంత్రాలు తెలిసినవాడు మన వంశంలో లేడు. త్వరగా రాయి.

అక్క

ఫిబ్రవరి 5

అక్కా,

నీ ఉత్తరం చదివి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మధ్యాహ్నం భోజనం మానేసి లైబ్రరీకి పరుగెత్తాను. మీ మరదలు ఈ వయసులో నాకు కొత్త ప్రేమ పుట్టిందని మా వర్క్‌షాపు అంతా చాటింపు వేసింది.

పతకం మీది సంవత్సరం రాయొద్దు. అది ఆ కంపెనీకి బహుమతి వచ్చిన ఏడు. తర్వాత చేసిన ప్రతి పియానో మీదా అదే బొమ్మ అంటించుకుంటారు. అసలు వయసు నంబరులో ఉంటుంది. పై మూత ఎత్తు. ముందు పలకని రెండు చెక్క గొళ్ళేలు పట్టి ఉంచుతాయి, అవి తిప్పితే ఊడి వస్తుంది. లోపల ఇనప చట్రం మీద వెతుకు. దుమ్ము తుడిచి, టార్చి పక్కనుంచి వేసి చూడు. ఎదురుగా వేస్తే ఏమీ కనపడదు. లిఫ్టు పట్టాల మీద గీతలు మేం అలాగే పట్టుకుంటాం. కంపెనీ పేరు నాకు గుర్తుంది, ఆ నంబరు పంపితే చాలు. ఏ కంపెనీ ఏ ఏడు ఏ నంబర్లు వేసిందో చెప్పే లావుపాటి పుస్తకం ఇక్కడుంది, నేను చూస్తాను.

నీకిది అమ్మ పియానో. నాకు నాన్న పియానో కూడా. ఊళ్ళో పియానోలన్నీ శ్రుతి చేసే మనిషి, మూతపడ్డ ఏదో హాల్లోంచి దీన్ని తెచ్చి బాగుచేసుకున్నాడని అమ్మ చెప్పగా విన్నదే. ఆయన పోయేనాటికి నాకు రెండేళ్ళు. నీకు పదకొండు. నీకు ఆయన గొంతు గుర్తుంది, నడక గుర్తుంది. నాకున్నవి సగం నీడ పడిన ఒక ఫోటో, ఈ పియానో. చిన్నప్పుడు ఈ విషయంలో నీ మీద ఎంత కుళ్ళుకునేవాణ్ణో ఇప్పుడు చెప్పినా తప్పులేదు. దాన్ని తూకానికి వేయనివ్వను.

లిఫ్టు మోటారు పక్కన కునుకు తీసినందుకు నిన్న మళ్ళీ చీవాట్లు తిన్నాను. ఆ రొదలో తప్ప నాకు నిద్ర పట్టదని ఎవరికి చెప్పుకోను.

నంబరు కోసం కళ్ళు కాయలు కాసేలా చూస్తున్న
తమ్ముడు

ఫిబ్రవరి 8

చిన్నోడా,

దొరికింది. ఒకటి కాదు, మూడు. చట్రం మీద 28416. వెనక చెక్క మీద 1173. లోపల తీగని కొట్టే ఒక చిన్న సుత్తి పిడి మీద 9. ఇందులో నీకు కావలసినది ఏదో నువ్వే తేల్చుకో.

పలక ఊడదీసి చూస్తే లోపల దుమ్ము వేలు మందాన ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు వార్డులో దుప్పటి మీద ముడత ఉంటే ఊరుకోనిదాన్ని, దీన్ని చూసి ఊరుకుంటానా? వేళ్ళతో నొక్కే మెట్లన్నీ ఒక్కొక్కటే పైకి లాగాను. మొత్తం ఎనభై ఐదు, దేనికది నంబరు గుద్ది ఉంది కాబట్టి తారుమారయ్యే భయం లేదు. అడుగున అమ్మ కుట్టుపనికి వేలికి తొడుక్కునే అంగుస్తానా, రెండు తలపిన్నులు, నా చిన్నప్పటి గౌను బొత్తాం దొరికాయి. ఆ బొత్తాం పోగొట్టినందుకు అప్పట్లో నాకు రెండు దెబ్బలు పడ్డాయి.

మెట్ల పక్క చెక్కలు చూడాల్సింది, అసహ్యం. పెన్సిలు గీతలు, అంకెలు, మరకలు. అమ్మ దగ్గర నేర్చుకున్న పిల్లలు గీకి ఉంటారు. ముందు రబ్బరు, తర్వాత స్పిరిట్ పెట్టి ఒక్కోటీ తోమాను. ఆవిరికి కళ్ళజోడు మసకబారుతుంటే తీసి పక్కన పెట్టాను. స్పిరిట్ సీసా నలభై తొమ్మిదో మెట్టు దగ్గర అయిపోయింది, మిగతావి రేపు. తోమినవి కొత్త పళ్ళలా మెరుస్తున్నాయి. చూస్తే నువ్వే శభాష్ అంటావు.

నాన్న గొంతు గుర్తుందని కుళ్ళుకున్నావా? ఏం గుర్తురా. "బయటికి వెళ్ళమ్మా, తలుపు వెయ్యి" అన్నదే గుర్తు. శ్రుతి చేసేటప్పుడు చీమ చిటుక్కుమన్నా సహించేవాడు కాదు. నేను తలుపు అవతల గచ్చు మీద ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని, ఎప్పటికైనా లోపలికి పిలుస్తాడని. ఒక్కసారీ పిలవలేదు. నేను అక్కడున్నట్టు ఆయనకి తెలియనే తెలియదు. కాబట్టి నువ్వు కుళ్ళుకోవడానికి నా దగ్గరేమీ లేదు.

చేతులకి ఇంకా స్పిరిట్ వాసన పోని
అక్క

ఫిబ్రవరి 9

అక్కా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. అయినా ఆగలేక రాస్తున్నాను. ఇది అందగానే ఆ పియానో దగ్గర్నుంచి నాలుగడుగులు వెనక్కి జరుగు.

లైబ్రరీ పుస్తకంలో ఒక ముక్క దొరికింది. శ్రుతి చేసేవాళ్ళకి ఒక అలవాటు ఉంటుందట. పని అయ్యాక లోపల ఏదో ఒక మెట్టు తీసి, దాని పక్క చెక్క మీద పెన్సిలుతో ఆ రోజు తారీఖు, చేసిన పని రాసి మళ్ళీ పెట్టేస్తారట. తర్వాత వచ్చేవాడికి అదే జాతకం. ఇంటి యజమానులకి కూడా తెలియదట. అక్కా, మన పియానోని శ్రుతి చేసింది ఎవరు? ఇంట్లోనే ఉండి, పదేళ్ళకు పైగా?

ఆయన రాత ఎలా ఉంటుందో నేను ఈ జన్మలో చూడలేదు. కనీసం సంతకం కూడా లేదు, అమ్మ దగ్గర ఒక్క కాగితం మిగల్లేదు. అరవై మూడేళ్ళ మనిషిని, బస్సులో కూర్చుని ఇది తలచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కనాయన చోటు మారాడు.

దుమ్ము కూడా దులపొద్దు. మెట్లు ముట్టుకోవద్దు. సెలవు దొరకగానే నేనే వస్తాను, ఇద్దరం కలిసి చూద్దాం.

కంగారుగా,
తమ్ముడు

ఫిబ్రవరి 12

తమ్ముడూ,

మన ఉత్తరాలు దారిలో ఒకదాన్నొకటి దాటుకుపోయాయి. నాది ఈపాటికి నీకు చేరి ఉంటుంది.

నేనే తుడిచేశాను. ఒకటి నుంచి నలభై తొమ్మిది దాకా, ఒళ్ళు దగ్గర పెట్టుకుని మరీ తుడిచాను. కళ్ళజోడు పెట్టుకుని ఉంటే తెలిసేదేమో. పెట్టుకోలేదు. ముప్పై ఎనిమిదేళ్ళలో ఒక్క రోగి చార్టు పోగొట్టని మనిషిని నేను.

రెండోసారి సీసా తెచ్చుకుని మూత తీయబోతుంటే నీ ఉత్తరం వచ్చింది. మిగిలిన మెట్లు దుప్పటి కప్పి ఉంచాను. వాటి వైపు చూసే ధైర్యం లేదు. నువ్వు తిట్టినా పడతాను.

అక్క

ఫిబ్రవరి 14

అక్కా,

కోపం వచ్చింది. అబద్ధం చెప్పను. నీ ఎనిమిదో తారీఖు ఉత్తరం చదివి, పైకి పోయి మోటారు పక్కన కూర్చున్నాను. నీకెలాగూ పదకొండేళ్ళపాటు నాన్న ఉన్నాడు, నాకున్న నాలుగు ముక్కలూ రబ్బరు పెట్టి చెరిపేశావని అనుకున్నాను. తర్వాత నీ పన్నెండో తారీఖు ఉత్తరం వచ్చింది. అందులో ఒక్క ఛలోక్తి కూడా లేదు. దానికి నాకు భయం వేసింది. నువ్వు అలా రాయకు, తిట్టే ఓపిక పోతుంది.

ఇక పని. ముందు 1173 పట్టుకుని పుస్తకం చూశాను. ఆ నంబరైతే ఆ కంపెనీ చేసిన మొదటి పియానోల్లో ఒకటి, మ్యూజియం వాళ్ళు ఇంటికొచ్చి ఎత్తుకుపోతారు. లైబ్రరీలో కేక పెట్టాను. లైబ్రేరియనమ్మ నన్ను వరండాలోకి పంపింది. మళ్ళీ లోపలికి వచ్చి నెమ్మదిగా చదివితే, వెనక చెక్క మీద ఉండేది పెట్టె చేసిన వడ్రంగి నంబరట. అసలైనది చట్రం మీదిదే. 28416. నూట నాలుగేళ్ళు. ఇందులో అనుమానం లేదు, మొదటి గడి నింపుకో.

రెండోదే చిక్కు. ఇక్కడ పాత వాద్యాలు అమ్మే ఆయన దగ్గరకి వెళ్ళాను. ఇలాంటి నిలువు పియానోలు వీధికి రెండున్నాయి, ఎనభై ఐదు మెట్లవి ఎవరూ కొనరు, మోసుకెళ్ళమంటే మీరే ఎదురివ్వాలి అన్నాడు. విలువ ఏం రాయాలంటే సున్నా అన్నాడు. ఇప్పుడేం చేద్దాం?

మిగిలిన మెట్లు నువ్వే చూడు. నేను వచ్చేదాకా ఆగొద్దు. కళ్ళజోడు పెట్టుకో.

తమ్ముడు

ఫిబ్రవరి 18

నా చిన్నోడికి,

ఈ ఉత్తరం కూర్చుని చదువు. పక్కన మరదల్ని కూర్చోబెట్టుకో.

ఈ ఊళ్ళో పియానోలు శ్రుతి చేసే ఆవిడ ఒకరున్నారు. ఒంటరిగా దుప్పటి తీసే ధైర్యం లేక ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ యాభయ్యో మెట్టు వెలుతురుకి పట్టి చూసి, పక్కవి కూడా ఒక్కొక్కటే తీసి చూసింది. తర్వాత, మేం ఒక మెట్టు మీద ఒక ముక్క రాస్తాం, ఈయన ఒక్కోసారికి ఒక్కో మెట్టు వాడుకుంటూ వచ్చారు, ఇలాంటిది నేనెక్కడా చూడలేదు అంది. రెండు నెలలకోసారి ఒక మెట్టు. అరవై నాలుగో దానితో రాత ఆగిపోయింది. ఆ తర్వాత అంతా ఖాళీ చెక్క. నేను తుడిచినవి పోగా మిగిలినవి పదిహేను. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

యాభై: "వాన. తీగలు జారాయి." యాభై ఒకటి: "పై మెట్లు బిగించాను."

యాభై రెండు: "కొడుకు. మూడు కిలోల పైన. ఇవాళ శ్రుతి చేయలేదు, వాణ్ణే ఎత్తుకున్నాను."

అది నువ్వేరా. తారీఖు నీ పుట్టినరోజే.

యాభై ఐదు: "నేను శ్రుతి చేస్తుంటే వాడు నిద్రపోతాడు. ఆపితే లేచి ఏడుస్తాడు. అందుకని రెండోసారి కూడా చేశాను." మోటారు పక్కన నీ కునుకు ఎక్కడిదో తెలిసిందా? నీ ఆఫీసు వాళ్ళకి చూపించు.

యాభై తొమ్మిది: "వాడు పెడల్ పట్టుకుని లేచి నించున్నాడు." అరవై మూడు: "వాడు అన్న మొదటి మాట నాన్న కాదు, టింగ్." అరవై నాలుగు: "దగ్గు. సగమే అయింది."

మిగతావన్నీ వేరే కాగితం మీద రాసి పెట్టాను. ఎక్కడ చూసినా నువ్వే. నేను తుడిచినవి నావి. నీవి మిగిలాయి. నిన్న రాత్రంతా ఏడ్చాను, సంతోషానికే ఎక్కువ. మిగిలినది ఎందుకో నువ్వే ఊహించుకో.

ఇక కాగితం. ఆవిడ కూడా సున్నా అనే అంది. ఇంకేదైనా అంకె వేయొచ్చు కానీ అబద్ధమవుతుందంది. వద్దన్నాను. వార్డు చార్టులో గడి ఖాళీ వదిలితే తప్పు, సున్నా రాస్తే తప్పు కాదు, అదీ లెక్కే. వయసు నూట నాలుగు, విలువ సున్నా అని ఆవిడ రాసి సంతకం పెట్టింది. ఆ పూటే పట్టుకెళ్ళాను. కార్యదర్శి గారు రెండుసార్లు చదివి, విలువ లేని వస్తువుకి బీమా కట్టనక్కర్లేదు కదా అని మొహం చేటంత చేసుకుని ముద్ర కొట్టేశారు.

అక్క

ఫిబ్రవరి 21

అక్కా,

మీ మరదలు చదివి వినిపించింది. మళ్ళీ మళ్ళీ చదివించుకున్నాను. యాభై రెండోదీ యాభై ఐదోదీ చీటీ మీద రాయించుకుని జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను. వర్క్‌షాపులో చూడనివాడు లేడు. మా మేనేజరు చదివి, ఇక నుంచి పని అయ్యాకే కునుకు తీయమన్నాడు.

ఇరవై ఏడున వస్తున్నాను. నా తాళ్ళు, గిలకలు, రోలర్లు తెస్తాను. కూలీలని పిలవొద్దు. నలభై ఏళ్ళు మనుషుల్ని పైకెక్కించి కిందికి దించినవాణ్ణి, మన నాన్న పియానోని నేను దించలేనా?

టింగ్ అన్నవాడు

మార్చి 6

ఒరేయ్ ఇంజనీరూ,

నువ్వు వెళ్ళి అయిదు రోజులైంది, పొగుడుదామని కూర్చున్నాను, తిట్టాల్సి వస్తోంది.

ముందు పొగడ్త. పియానో హాల్లో కిటికీ పక్కన దర్జాగా ఉంది. మూడంతస్తులు దిగినా గోడకి ఒక్క గీత పడలేదని మా పాత ఇంటాయన ఇప్పటికీ చెప్పుకుంటున్నాడు. నువ్విక్కడున్న రోజే శ్రుతి చేసే ఆవిడ అరవై ఐదో మెట్టు మీద తారీఖు వేసింది చూశావుగా. దాని కింద నేను, "తమ్ముడు దించాడు" అని రాశాను.

ఇప్పుడు తిట్లు. ముప్పై ఏడో మెట్టు లేదు. పురుళ్ళ వార్డులో చేసిన పెద్దావిడ రోజూ పొద్దున్నే వాయిస్తుంది, నువ్వు వెళ్ళిన రోజు కూర్చుని, మధ్యలో పన్ను ఊడినట్టుందేమిటి అంది. హాలంతా వెతికించాను. వంటావిణ్ణి అనుమానించాను, ఆవిడ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. కార్యదర్శి గారు ఒక మెట్టు పోయిన వస్తువు విలువ సున్నా కంటే తగ్గుతుందా అని అడుగుతున్నారు. వెళ్ళేముందు అన్నీ సరిచూశానన్నావు. నువ్వు చూసింది ఏమిటి?

అక్క

మార్చి 10

అక్కా,

వంటావిడకి నా తరఫున క్షమాపణ చెప్పు. మెట్టు నా దగ్గరుంది.

నేను బయల్దేరిన రోజు పొద్దున నువ్వు సంతకాలు పెట్టడానికి ఆఫీసుగదికి వెళ్ళావు. గంట పట్టింది. ఆ గంటలో నువ్వు తోమిన నలభై తొమ్మిది మెట్లూ బయటికి తీసి, టార్చి పక్కనుంచి వేసి చూశాను. రబ్బరు పెన్సిలు రంగునే తీస్తుంది. నాన్న చెయ్యి బరువైనది, మెత్తటి చెక్కలోకి దిగేలా నొక్కి రాసేవాడు. పట్టాల మీద గీతలు చదివినట్టే చదివాను. చాలావాటిలో ఏమీ మిగల్లేదు, నువ్వు పని దొంగవి కావు కదా. పదకొండు దొరికాయి. నీకు ఆశ పెట్టి నిరాశ చేయడం ఇష్టంలేక అప్పుడు చెప్పలేదు. పదింటిని అక్కడే రాసుకున్నాను. ఒక్కటి మాత్రం సగమే తెలిసింది. దాన్ని కోటులో పెట్టుకుని వచ్చి, వర్క్‌షాపు దీపం కింద నాలుగు సాయంత్రాలు కూర్చున్నాను.

ఒకటి: "తెచ్చాను. పిల్లి వాసన. ఆరు తీగలు లేవు." ఆరు: "పాప పెడల్ కొరికింది. పన్ను వచ్చింది." ఇరవై రెండు: "పాపకి జ్వరం. తగ్గాక చేశాను." మిగతావి పక్క కాగితం మీద ఉన్నాయి, చూసుకో. ఎక్కడ చూసినా నువ్వే.

ఇదిగో ముప్పై ఏడు. ప్రతి అక్షరం రెండుసార్లు సరిచూశాను:

"పాప తలుపు బయట కూర్చుంది. కింద నీడ కనపడుతోంది. పిలిస్తే మాటలు మొదలుపెడుతుంది, వినదు. అందుకని పిలవలేదు. దాని కోసం ఒక్కో స్వరం రెండేసిసార్లు మోగించాను."

ఆయనకి తెలుసక్కా.

మెట్టు పోస్టులో పంపను, ఆదివారం నేనే పట్టుకొస్తాను. శ్రుతి చేసే ఆవిణ్ణి కూడా ఆ రోజే రమ్మన్నాను. ఈసారి నీకు కుర్చీ తలుపు లోపలే వేస్తాను. కానీ నువ్వు మాట్లాడకూడదు.

తమ్ముడు